హెన్రీ ఫోర్డు - మారని కమాను

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డియర్‌బోర్న్ సమీపాన ఒక వ్యవసాయ కుటుంబంలో 1863 జూలై 30వ తేదీన హెన్రీ ఫోర్డు జన్మించాడు. బాల్యం నుండి పొలంపని కంటె పనిముట్ల మీదనే అతనికి మక్కువ. గడియారాలు విప్పి బాగుచేయడం అతనికి వినోదం. 1876లో తల్లి మరణించింది. ఆ సంవత్సరమే, గుర్రాల సాయం లేకుండా బాటమీద తనంతట తాను నడచివచ్చే ఆవిరియంత్రాన్ని అతడు చూశాడు. చిన్నతనంలో చూచిన ఆ యంత్రమే అతని జీవితానికి దారి చూపింది.

1879లో డెట్రాయిటు నగరం చేరి యంత్రశాలలో పని నేర్చుకొన్నాడు. 1891లో ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఉద్యోగం లభించింది. తీరిక వేళల్లో శ్రమించి 1896లో తన మొదటి మోటారుబండిని నిర్మించాడు. 1901లో పందెపు కారును స్వయంగా నడిపి గెలుపొందాడు. 1903లో ఫోర్డు మోటారు కంపెనీ వెలసింది. 1904 జనవరిలో గడ్డకట్టిన సెయింట్ క్లెయిర్ సరస్సుపై గంటకు 91 మైళ్ళకు మించిన వేగంతో కారు నడిపాడు. యౌవనంలో ఫోర్డుకు వేగమంటే అంతటి ప్రీతి.

అయితే ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చినది పందెపు కారు కాదు. 1908లో వెలువడిన 'మోడల్ టి'. నాటి అమెరికా పల్లెబాటలు గుంతలతో, బురదతో నిండి ఉండేవి. వాటికి తగినట్లుగా ఫోర్డు కారును ఎత్తుగా, తేలికగా రూపొందించాడు. ఇరుసుకు ఇరువైపుల రెండు కమాను కట్టలు, అంటే కారుకు నాలుగు, అమర్చడం సాధారణ పద్ధతి. ఫోర్డు ముందొకటి, వెనుకొకటి మాత్రమే అడ్డంగా అమర్చాడు. వంచిన ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఆ కట్ట నడిమి భాగాన్ని చట్రానికి బిగించి, రెండు కొసలను ఇరుసు చివరలకు తగిలించాడు. ఒక చక్రం రాయి ఎక్కినపుడు ఇరుసు ఒరిగేది. చట్రం మాత్రం అంతగా మెలిపడేది కాదు. బరువూ తగ్గింది, ఖర్చూ తగ్గింది.

1913లో ఆయన కర్మాగారంలో కదిలే వరుసపై కార్లను కూర్చే విధానం ఆరంభమైంది. పన్నెండున్నర గంటలు పట్టే చట్రపు కూర్పు ఒకటిన్నర గంటకు దిగింది. 1914లో కార్మికునికి రోజుకు అయిదు డాలర్ల వేతనం ప్రకటించాడు. సుమారు 850 డాలర్లున్న కారు ధర క్రమంగా 300 డాలర్ల లోపునకు వచ్చింది. 1927 నాటికి కోటిన్నర మోడల్ టి కార్లు తయారైనాయి.

విజయం ఆయన పట్టుదలను మొండితనంగా మార్చింది. ఆయన పత్రిక యూదులపై ద్వేషాన్ని వెదజల్లింది. చివరకు 1927లో అందుకు క్షమాపణ చెప్పవలసివచ్చింది. కార్మిక సంఘాన్ని 1941 వరకు అంగీకరించలేదు. యంత్రాల విషయంలోనూ అదే తీరు. 1934లోనే పోటీ కంపెనీలు ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటును తెచ్చాయి. ఫోర్డు మాత్రం అడ్డకమానును విడువలేదు. కుమారుడు ఎడ్సెల్ పేరుకు కంపెనీ అధ్యక్షుడే గాని, కొత్త మార్పులు తెచ్చేందుకు తండ్రితో అడుగడుగునా పెనగులాడవలసి వచ్చేది. 1943లో, నలుబదితొమ్మిదేండ్ల వయస్సులో, తండ్రి కళ్ళయెదుటనే ఆయన కన్నుమూశాడు.

ఫోర్డు మార్చని దానిని యువకులు మార్చారు. 1932లో ఆయన సామాన్యునికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజను గల కారును విడుదల చేశాడు. కాలిఫోర్నియా యువకులు అటువంటి పాత కార్లను చౌకగా కొని, మడ్‌గార్డులు ఊడదీసి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సులపై పందేలు వేసేవారు. ఇవే 'హాట్ రాడ్' కార్లు. బరువు తగ్గిన బండికి పూర్తి కమాను కట్ట మరీ బిగువు. అందుచేత కొన్ని పట్టీలు తీసివేశారు. పెద్దపట్టీ కొసల చుట్టలను తలక్రిందులుగా తిప్పి బండి ఎత్తు తగ్గించారు. నేలకు దగ్గరైన బండి మలుపులో తక్కువ ఒరుగుతుంది. కాని పట్టీలు మితిమీరి తీస్తే మిగిలిన వాటిపై భారం పెరిగి కట్ట విరుగుతుంది. ఇరుసు వచ్చి చట్రానికి కొట్టుకొంటుంది. ఎంత తీయాలో, ఎంత ఉంచాలో తెలియడమే ఆ విద్య. సరస్సు మంచుపై వేగం పరీక్షించిన నాటి ఫోర్డుకు వారే నిజమైన వారసులు.

1947 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి వరదల వల్ల డియర్‌బోర్న్‌లోని ఆయన భవనంలో విద్యుత్తు నిలిచిపోయింది. కొవ్వొత్తుల వెలుగులో, ఎనుబదిమూడేండ్ల వయస్సులో ఫోర్డు తుదిశ్వాస విడిచాడు. మరుసటి ఏడాది జూన్‌లో విడుదలైన 1949 మోడల్ కారులో అడ్డకమాను లేదు. నలుబదేండ్ల ఏర్పాటు ఆయనతోనే ముగిసింది. బండికి కమాను ఎంత బలంగా ఉండాలో అంతగా వంగవలెను కూడా. ఆ సూత్రాన్ని ఉక్కుకు చక్కగా అన్వయించిన మేధావి తన స్వభావానికి అన్వయించుకొనలేకపోయినాడు.