కారాగారములో కాలము: భక్త రామదాసు

శరీరమునకు వచ్చు బాధను వ్యాధి యనియు, మనస్సునకు వచ్చు బాధను ఆధి యనియు మన పెద్దలు విడదీసి చెప్పిరి. ఆధికి మూలము చాలవరకు కాలమును మనము తలచు తీరునందే యున్నది. గడచినదానిని తలచి మనస్సు కుందును. రాబోవుదానిని తలచి బెదరును. ఎదుటనున్న దినము మాత్రము చేజారిపోవును. ఈ రెండు భారములను పండ్రెండేండ్లు చెరసాలలో మోసి, మనస్సు చెదరినప్పుడెల్ల దానిని మరల రామపాదములయొద్ద నిలుపుకొనిన మహనీయుడు భద్రాచల రామదాసు.

ఆయన అసలు పేరు కంచెర్ల గోపన్న. నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి జన్మస్థానము. తల్లిదండ్రులు కామాంబా లింగన్నలు. గోలకొండ ప్రభువగు అబుల్ హసన్ తానీషా (1672–1687) కొలువున ప్రధానులైన అక్కన్న మాదన్నలు మేనమామలు. వారి ప్రాపున గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యెను. గోదావరీతీరమందలి భద్రగిరిపై పోకల దమ్మక్క యను భక్తురాలు పందిరి వేసి ఆరాధించుచున్న సీతారామలక్ష్మణులకు ఆయన ఆలయము కట్టించి నగలు చేయించెను. అందుకు వెచ్చించినది సర్కారు శిస్తు. ఆరు లక్షల వరహాలని ప్రతీతి. ఆ నేరమునకు తానీషా ఆయనను కోటలో బంధించెను.

శిస్తు గడువులతో దినములు లెక్కించిన అధికారికి గడువు తెలియని శిక్షకంటె క్రూరమైనది వేరొకటి యుండదు. గోలకొండలో రామదాసు బందిఖానాగా నేటికిని చూపు గదిలో సీతారామలక్ష్మణుల యొక్కయు, హనుమంతుని యొక్కయు రూపములు గోడపై చెక్కబడి యున్నవి. అవి ఆయన చేతి పనియేనని భక్తుల విశ్వాసము. చెరలో ఆయనకు మిగిలిన నిత్యకృత్యము కీర్తనమే. విడుదల యెన్నడో తెలియదు. నేటి పాట మాత్రము నేడే పాడవలెను. అంతులేని కాలమును ఆయన ఒక్కొక్క దినముగా స్వామికి సమర్పించెను.

ఆయన దుఃఖమును దాచుకొనలేదు. మొదట వేడుకొనెను. పిమ్మట ఏ నగకు, ఏ ప్రాకారమునకు ఎంత వ్యయమైనదో లెక్క చెప్పి, ఆ సొమ్ము ఎవరిదని శ్రీరాముని నిలదీసెను. దెబ్బల బాధకు తాళలేక నిందించెను. వెంటనే పశ్చాత్తాపపడి క్షమింపుమని ప్రార్థించెను. తుదకు, ఏకాంతమున పతికి తన మాట చెప్పుమని సీతమ్మను వేడెను. కోపమైనను స్వామితోనే చెప్పుకొనెను గాని లోన కుళ్లనీయలేదు. ఆయనను కాపాడిన ఔషధమిదియే.

పూర్వజన్మమున ఒక చిలుకను పంజరమున బంధించినందున ఆయనకు పండ్రెండేండ్ల చెర కలిగెనని పెద్దలు చెప్పుదురు. ఆ కథలోని మర్మమేమి? కష్టమునకు కారణమున్నది, దానికొక అవధియు నున్నది. ఈ నమ్మకమున్న మనస్సు నిరాశలో మునిగిపోదు.

తుదకు రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర రేయి తానీషా మందిరమునకు వచ్చి, సొమ్ము చెల్లించి, రసీదు గైకొనిరని ప్రసిద్ధి. చెర వీడిన గోపన్న ఆనందింపక, ప్రభువునకు దొరకిన దర్శనము తనకు దొరకలేదని విలపించెనట! తానీషా నాడు ప్రారంభించెనని చెప్పు ముత్యాల తలంబ్రాల సమర్పణము నేటికిని శ్రీరామనవమి కల్యాణమున ప్రభుత్వము పక్షమున జరుగుచున్నది.

మన యిండ్లలోను అప్పు, వియోగము, రోగము అను చెరలు గలవు. మనోవేదన ముదిరి నిద్రాహారములు తప్పినప్పుడు వైద్యుని ఆశ్రయించుట భక్తికి విరుద్ధము గాదు. బాధను ఆత్మీయులతో చెప్పుకొనుటయు తప్పు గాదు. వానితోపాటు ప్రతిదినము కొంతసేపు, నిన్నను రేపును ప్రక్కనుంచి, ఒక్క నామమునందు మనస్సు నిలుపుట అలవరచుకొనవలెను. కాలము స్వామి స్వరూపమే. నేటి దినమును ఆయనకు అర్పించువానికి రేపటి భయము సగము తీరును. భద్రాద్రి సీతారాములు ఎల్లరకును అట్టి మనశ్శాంతిని ప్రసాదింతురుగాక!