మండల వ్యవస్థ నిర్మాత నందమూరి తారక రామారావు

హైదరాబాద్: స్వర్గీయ నందమూరి తారక రామారావు పేరు వినగానే పౌరాణిక పాత్రలు స్ఫురించడం సహజం. ప్రభుత్వ కార్యాలయాన్ని పల్లె ప్రజలకు చేరువ చేసిన పరిపాలకునిగా ఆయన కృషి అంతకు తీసిపోనిది.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో లక్ష్మయ్య, వెంకట్రామమ్మ దంపతులకు జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. 1947లో సబ్ రిజిస్ట్రారుగా కొద్ది వారాలే పనిచేసి, 1949లో మనదేశం చిత్రంతో వెండితెరకు పరిచయమయ్యారు. 1976లో హైదరాబాద్ తూర్పు శివారు నాచారంలో రామకృష్ణ స్టూడియోను నెలకొల్పారు.

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు. 1984లో వంశపారంపర్యంగా సాగుతున్న కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థలను రద్దు చేశారు.

గ్రామానికి పై మెట్టు తాలూకా, సమితి. పహాణీ నకలు కోసం తాలూకా కేంద్రానికి వెళ్లే రైతుకు ఒక రోజు కూలి, బస్సు చార్జీ నష్టం. పని కాకపోతే మరో రోజు. ఈ పరిస్థితిని మార్చేందుకు 1985లో రెవెన్యూ మండలాలను, 1986 చట్టంతో మండల ప్రజా పరిషత్తులను ఏర్పరచారు. సుమారు 330 సమితుల స్థానంలో 1,104 మండలాలు వెలిశాయి. నాచారం ఉప్పల్ మండలంలోకి వచ్చింది. మండలాధ్యక్షులను 1987లో ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. వెనుకబడిన తరగతులకు, మహిళలకు పదవులలో రిజర్వేషన్లు లభించాయి.

దూరం తగ్గినంతగా నిధులు పెరగలేదన్నది కాదనలేని విషయం. మండల పరిషత్తుకు సొంత ఆదాయం స్వల్పం. మంచినీటి పథకానికైనా, పాఠశాల గదికైనా ప్రభుత్వ గ్రాంటుపైనే ఆధారపడవలసి వచ్చింది. పరిమాణం చిన్నదైనప్పుడు అధికారి అందుబాటులో ఉంటాడు, ఖజానా మాత్రం చిన్నదిగానే ఉంటుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం మండలాన్ని కొనసాగించినా, అధ్యక్షుని ఎన్నికను పరోక్షం చేసింది.

రామారావు 1996 జనవరి 18న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అనంతర కాలంలో ఉప్పల్ ప్రాంతం నగరంలో కలిసిపోయింది. 2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్ సహా 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు విలీనమై గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఆవిర్భవించింది. ఇది మండల విభజనకు పూర్తిగా వ్యతిరేక దిశ: పెద్ద బడ్జెట్, పెద్ద యంత్రాంగం, కాలనీ వాసికి దూరమైన నిర్ణయాధికారం. పౌరసేవలు మహానగర సంస్థకు చేరినా, భూమి రికార్డులకు, కుల, ఆదాయ ధ్రువపత్రాలకు ఉప్పల్ రెవెన్యూ మండలమే ఆధారమైంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఆ మండలం రంగారెడ్డి జిల్లా నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు మారింది.