37వ ఏట దొరికిన పని
సర్ రొనాల్డ్ రాస్ జీవితం నుండి కొన్ని పాఠములు

మన హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, బండరాళ్ళ నడుమ చిన్న గ్రామంగా ఉండిన మాదాపూర్‌లో 1998వ సంవత్సరంలో సైబర్ టవర్స్ అనే భవనం ప్రారంభమైంది. దాని వెంట హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలన్నీ పెరిగి, నేడు మన సంఘాల యౌవనస్థులలో అనేకులకు అన్నం పెడుతున్నాయి. అయితే ఆ యౌవనస్థులలో కొందరు కాపరుల యొద్దకు వచ్చి అడిగే ప్రశ్న ఒకటున్నది. జీతం చాలినంత వస్తున్నది గాని పని మీద మనసు నిలవడం లేదు, మనసుకు నచ్చిన పని ఎక్కడ దొరుకుతుంది, ఎట్లా తెలుసుకోవాలి అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. మనిషి తన ఆయుష్షులో అధికభాగం పనిలోనే గడుపుతాడు గదా!

దీనికి ఉపదేశం కంటే ఒక జీవితం మంచి జవాబు చెప్పగలదు. హైటెక్ సిటీకి కొద్ది మైళ్ళ దూరంలోనే, బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గరగా ఒక పాత భవనం ఉన్నది. మలేరియా జ్వరం దోమ వలన వస్తుందనుటకు రుజువు దొరికినది అక్కడే. దానిని కనుగొన్న సర్ రొనాల్డ్ రాస్ పేరు మనలో చాలామంది విన్నదే. నల్లకుంట జ్వరాల ఆసుపత్రి కూడా ఆయన పేరుతోనే ఉన్నది. కాని ఆ పని ఆయనకు ఎంత ఆలస్యంగా దొరికిందో తెలిసినవారు తక్కువ.

రాస్ 1857వ సంవత్సరం మే 13వ తేదీన హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యంలో అధికారి. పదిమంది సంతానంలో ఈయన పెద్దవారు. ఎనిమిదేండ్ల వయసులో చదువు కొరకు ఇంగ్లండుకు పంపబడ్డారు. చిన్ననాటి నుండి ఆయనకు చిత్రలేఖనం, కవిత్వం, సంగీతం అంటే ప్రాణం. చిత్రకారుడు కావలెనని ఆశ. తండ్రి మాత్రం కుమారుడు ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యుడు కావాలని నిశ్చయించారు. లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చదివినంత కాలమూ రాస్ మనసు వైద్యం మీద లేదు. పరీక్షలలో ఒకసారి తప్పి, కొంతకాలం ఓడలో వైద్యుడుగా పనిచేసి, ఎట్టకేలకు 1881లో ఆ సర్వీసులో చేరి ఇండియాకు తిరిగి వచ్చారు. మన నేటి యౌవనస్థులు ఎందరో ఇంజనీరింగు చదువులో చేరిన విధము కూడా దాదాపు ఇట్టిదే.

తరువాతి పన్నెండు, పదమూడు సంవత్సరాలు ఆయన మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులలో సైనికులకు మందులిచ్చారు. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో పద్యాలు వ్రాశారు, నవలలు వ్రాశారు, గణితశాస్త్రాన్ని తనంతట తానే కూర్చుండి నేర్చుకున్నారు. వీటిలో ఏదియు ఆయనకు పెద్ద పేరు తేలేదు. కాని 1883లో బెంగుళూరులో ఒక చిన్న సంగతి జరిగింది. తన బసలో దోమలు ఎక్కువగా ఉండుట చూచి వెదకగా, కిటికీ దగ్గర ఉన్న నీటి తొట్టిలో అవి పుట్టుచున్నవని తెలిసింది. ఆ తొట్టిలోని నీరు పారబోయగానే దోమలు తగ్గిపోయాయి. నీటిని తొలగిస్తే దోమ తొలగుతుందన్న ఈ సంగతి అనేక సంవత్సరాల తర్వాత ఆయనకు అక్కరకు వచ్చింది.

ఆ కాలంలో మలేరియా చెడుగాలి వలన వస్తుందని లోకం నమ్మేది. దాని పేరుకు అర్థమే చెడుగాలి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశాడు. రాస్ తానును వెదకి చూచి, కనబడక, లావెరాన్ పొరబడ్డాడనే వాదించారు. 1894లో సెలవు మీద లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు ఆయనను సూక్ష్మదర్శిని యొద్ద కూర్చుండబెట్టి ఆ జీవిని కంటికి చూపించారు. ఈ జీవి దోమ ద్వారా వ్యాపిస్తుందేమోనన్న తన ఊహను కూడా చెప్పారు. అప్పటికి రాస్‌కు 37వ ఏడు నడుస్తున్నది. ఇన్నాళ్ళు అనేక పనుల మీదికి తిరిగిన మనసు ఆనాటి నుండి ఒక్క ప్రశ్న మీద నిలిచింది.

1895లో ఆయన సికింద్రాబాదు దండులో పనికి వచ్చారు. రెజిమెంటు వైద్యుడుగా ఉద్యోగం చేస్తూనే, మిగిలిన వేళలో తన సొంత ఖర్చుతో పరిశోధన సాగించారు. హుసేన్ ఖాన్ అనే రోగి తనను దోమలచేత కుట్టించుకొనుటకు ఒప్పుకున్నాడు. ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా కూలి. చరిత్ర పుస్తకాలలో రాస్ పేరు నిలిచినట్లు ఈ మనిషి పేరు నిలువలేదు గాని, ఆ జ్వరపీడితుని శరీరం లేకుండా ఆ పని జరిగేది కాదు. రోగుల రక్తం త్రాగిన దోమలను రాస్ ఒక్కొక్కటిగా కోసి చూచేవారు. రెండు సంవత్సరాలు ఏమియు దొరకలేదు. కారణం, ఆయన చూచినవి ఆ జాతి దోమలు కావు. నడుమ కలరా నివారణ కొరకు బెంగుళూరుకు పంపారు. 1897లో నీలగిరి ప్రాంతంలో తానే మలేరియాతో పడకపట్టారు.

ఆ ఏటనే మరల సికింద్రాబాదు చేరారు. ఆగస్టు నెల, ఉక్కపోత. దోమలు ఎగిరిపోవునని పంకా కూడా ఊపనిచ్చేవారు కారు. చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. అప్పుడు రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు కొన్ని దొరికాయి. అవే అనాఫిలిస్ దోమలు. 16వ తేదీన అవి హుసేన్ ఖాన్‌ను కుట్టాయి. 20వ తేదీన, మిగిలిన ఒకటి రెండింటిలో ఒకదానిని కోసి చూడగా, దాని కడుపు గోడలో మలేరియా జీవికి గుర్తయిన నల్లని రేణువులతో గుండ్రని కణాలు కనిపించాయి. అందుకే ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

ఇంతలోనే బదిలీ! మలేరియా అంతగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకు ఆయనను పంపారు. ఎన్నో విజ్ఞాపనల మీదట 1898లో కలకత్తాలో పరిశోధనకు అవకాశం లభించింది. మనుష్యులలో పని సాగక, పక్షులకు వచ్చే మలేరియాను పట్టుకొని, మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని తోడ్పాటుతో, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులలోనికి చేరుననియు, దోమకాటుతోనే ఆరోగ్యమైన పక్షికి సోకుననియు ఋజువు చేశారు. దోమ పడి చచ్చిన నీటిని త్రాగుట వలన వ్యాధి వచ్చునన్న మాన్సన్ ఊహ ఇక్కడ తప్పిపోయింది. దారి చూపిన గురువు సహితం సగం దారే చూపగలిగాడు. మిగతాది శిష్యుడు నడిచి తెలుసుకోవలసి వచ్చింది. 1902లో రాస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించారు.

ఆయన పూర్వపు అభిరుచులు వృథా కాలేదని గమనించాలి. చిత్రకారుని కన్ను సూక్ష్మదర్శిని యొద్ద ఉపయోగపడింది. ఒంటరిగా నేర్చిన గణితంతో, దోమలన్నిటిని చంపనక్కరలేదనియు, ఒక హద్దుకు దిగువగా తగ్గించితే మలేరియా తనంతట తానే అణగిపోవుననియు లెక్కగట్టి చూపారు. 2020లో కరోనా కాలంలో కంప్యూటర్ల మీద వేసిన అంటువ్యాధుల లెక్కలకు మూలపురుషులలో ఆయన ఒకరు. నేటి హైటెక్ సిటీలోని కంప్యూటరు పనికిని, నాటి బేగంపేట సూక్ష్మదర్శినికిని ఈ విధంగా చుట్టరికమున్నది.

అయితే ఆయన జీవితంలో నీడ కూడా ఉన్నది. మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమలో పూర్తిగా ఋజువు చేసినవారు ఇటలీ దేశపు గ్రాసీ, ఆయన సహచరులు. ఆ ఘనత ఎవరిదన్న తగవులో రాస్ అనేక సంవత్సరాలు మనశ్శాంతి పోగొట్టుకున్నారు. తుదకు మాన్సన్‌తో కూడ స్నేహం చెడింది. పని మీది ప్రేమ పేరు మీది ప్రేమగా మారితే, గెలిచినవానికి కూడా సంతోషం మిగలదు.

కాబట్టి ప్రియమైన యౌవనస్థులారా, మనసుకు నచ్చిన పని ఇంకా కనబడలేదని కృంగిపోకండి. ఉద్యోగం మీద విసుగు పుట్టిన మరునాడే దానిని విడిచిపెట్టనూ వద్దు, ఆ విసుగును నోరు నొక్కి పాతిపెట్టనూ వద్దు. రాస్ ఉద్యోగంలో ఉంటూనే వెదికారు. తెలిసినవారి యొద్దకు వెళ్ళి, తన అభిప్రాయం తప్పని కంటితో చూచినప్పుడు ఒప్పుకున్నారు. మీరును మీ తీరిక వేళలలో దేనిని విడువలేక పట్టుకొనుచున్నారో గమనించండి. దానివలన ఎవరి బాధ తీరగలదో కూడా ఆలోచించండి. మన సంఘంలో పిలుపు అను మాటను ఎక్కువగా బోధకులకే వాడుతుంటాము. కాని బేగంపేటలో ఒక సైనిక వైద్యునికి అది దోమ కడుపులో వినిపించింది. ఆయన వెదకిన ప్రశ్నకు దొరికిన జవాబు వలన నేటికీ లెక్కలేనన్ని ఇండ్లలో తల్లులు బిడ్డలను దోమతెర క్రింద పండుకొనబెడుతున్నారు.