డాక్టరు ఐడా స్కడ్డరు అమ్మగారు

మన రాయలసీమలో కఠినమైన జబ్బు చేసినవారు నేటికిని రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరునకు పోవుదురు. మా విద్యార్థుల తలిదండ్రులలో ననేకులు ఆ యాసుపత్రి వరండాలలో రాత్రులు గడిపినవారే. దానిని స్థాపించిన ఐడా స్కడ్డరు అమ్మగారిని గూర్చి, ముఖ్యముగా ఆమె ఎముకల పాఠము చెప్పిన దినములను గూర్చి, కొంచెము వ్రాయబూనితిమి.

ఆమె 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించెను. తాతయు తండ్రియు అమెరికా దేశపు వైద్య మిషనెరీలు. మన సీమను పాడుచేసిన 1876-78 నాటి ధాత కరవును ఆమె పసితనముననే చూచెను. లేచి తినలేని బిడ్డల నోళ్లలో రొట్టెముక్కలు పెట్టిన ఆ బాలిక, ఈ దేశమున నుండనే యుండనని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయమును దాచిపెట్టుట మాకిష్టము లేదు. గొప్పవారు పుట్టుకతోనే గొప్పవారని పిల్లలు భ్రమపడరాదు గదా.

1890లో తల్లి జబ్బు చూచుటకై తిండివనము వచ్చినపుడు, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి వెనుక నొకరు, ఆమె తలుపు తట్టిరి. వారిలో నొకడు బ్రాహ్మణుడు, ఒకడు మహమ్మదీయుడు, ఒకడు మరియొక హిందువు. ముగ్గురి భార్యలును ప్రసవ వేదనలో నుండిరి. ఆమె తండ్రి వైద్యుడే గాని, పురుషుని లోపలికి రానీయ నెవరును సమ్మతింపలేదు. ఆమెకు వైద్యము రాదు. తెల్లవారులోపల ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె అమెరికాకు పోయి, ఫిలడెల్ఫియాలోను న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలోను చదివి, 1899లో పట్టము పొంది, మరుసటి యేట తిరిగివచ్చెను. 1902లో వేలూరున 40 పడకల ఆసుపత్రి తెరవబడెను.

ఒక్క వైద్యురాలు ఎన్ని యిండ్లకు పోగలదు? ఈ దేశపు స్త్రీలే వైద్యము నేర్వవలెనని తలచి, 1918 ఆగస్టులో బాలికలకు వైద్య పాఠశాల తెరచెను. ఆ పాఠశాలకున్న సంపద అద్దె యిల్లు, ఒక సూక్ష్మదర్శిని, కొన్ని పుస్తకములు, కొన్ని యెముకలు. శరీరశాస్త్రము బోధించినది ఆమెయే. తాను నేర్చి పందొమ్మిదేండ్లయినది. పగలంతయు రోగులతో సరిపోవుచుండెను. శవమును తాకుట మైల యని యెంచు దేశము. చదువు సాగినది పరభాషలో.

ఉపాధ్యాయులమైన మేమిచ్చట కొంచెము నిలువవలెను. మనుష్యశరీరమున 206 యెముకలు. ఒక యెముకను పదునలుగురు చూడవలెనన్న నది చేతులు మారక తప్పదు. అది కుడిచేతిదో ఎడమచేతిదో, దానిపైని గరుకు ఏ కండరము పట్టుకొను చోటో ఒకరు చెప్పవలెను, మరియొకరు దిద్దవలెను. ఇద్దరును వాదమునకు దిగిన మూడవది పుస్తకము తిరుగవేయును. మణికట్టులోని యెనిమిది చిన్న యెముకలను కన్నులు మూసికొని వ్రేళ్లతో గుర్తించుటకు ఒంటిగా కూర్చున్న చాలదు. ఎదుట పరీక్షించు స్నేహితురాలు కావలెను. మా తరగతులలోను ఇంతే. తోటివానికి లెక్క చెప్పబూనిన బాలుడే తనకు రాని మెట్టును ముందుగా కనుగొనును. విద్యార్థులు ఒకరి కొకరు బోధించుకొను ఈ పద్ధతిని ఇప్పుడు గొప్ప కళాశాలలు కోరి అవలంబించుచున్నవి. వేలూరున అది లేమివలన వచ్చినది. అట్లని గురువు తప్పుకొనిన దనుకొనరాదు. పొరపాటు స్థిరపడక మునుపే దానిని త్రుంచుటకు ఆమె యుండెను.

సంవత్సరాంతమున ప్రభుత్వ పరీక్ష వచ్చెను. ఆ పరీక్షలో పురుషులే ఐదుగురిలో నొక్కరు మాత్రము గట్టెక్కుచున్నారనియు, బాలికలందరును తప్పినను దిగులుపడవలదనియు మద్రాసులోని వైద్యశాఖాధిపతి ముందుగానే ఆమెను హెచ్చరించెను. అందరును తప్పియుండిన నాయన అనుమానమే నిజమై, స్త్రీలకు వైద్యవిద్య యేల యను వారికి బలము చేకూరెడిది. ఫలితములు వచ్చెను. 14గురు బాలికలును కృతార్థులైరి.

1922లో వారు వైద్యురాండ్రై వెలువడిరి. పాఠశాల 1942లో మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టమునకు తగిన కళాశాల యయ్యెను; 1947లో పురుషులకును ప్రవేశము దొరకెను. ఐడా అమ్మగారు 1960 మే నెలలో, 89వ యేట, కొడైకెనాలున ప్రభువునందు నిద్రించెను.