రెనె డెకార్ట్

ఆధునిక గణితశాస్త్ర నిర్మాతలలో రెనె డెకార్ట్ అగ్రగణ్యుడు. ఆయన 1596 మార్చి 31న ఫ్రాన్సులోని లా హే అనే ఊరిలో జన్మించాడు. రెండవయేటనే తల్లిని కోల్పోయాడు. దుర్బల శరీరుడు కావటంచేత పొద్దెక్కేవరకు శయ్యపైనే ఉండటానికి గురువులు అనుమతించారు. ఆ ప్రశాంత సమయమే ఆయన ఆలోచనలకు ఆలవాలమైంది.

న్యాయశాస్త్రం చదివి, కొంతకాలం సైన్యంలో పనిచేసి, 1628లో హాలండు చేరాడు. 1633లో గెలీలియోకు శిక్షపడిందని విని, భూమి చలిస్తుందని చెప్పే తన గ్రంథాన్ని ప్రకటించక దాచుకొన్నాడు. అయినా పరిశోధన విడువలేదు. 1637లో జ్యామితి గ్రంథాన్ని పండితభాషయైన లాటిన్‌లో గాక మాతృభాషయైన ఫ్రెంచిలో వెలువరించాడు. మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగుపద్యాలలోనికి తెచ్చిన సంగతి ఇక్కడ స్మరణీయం.

వేర్వేరుగా సాగుతున్న బీజగణితాన్ని, రేఖాగణితాన్ని డెకార్ట్ కలిపాడు. తరువాతివారు ఆ మార్గాన్ని రెండు అక్షాలతో పరిపూర్ణం చేశారు. 2ఎక్స్ + 3వై = 6 అనే సమీకరణంలో వై సున్న అయితే ఎక్స్ విలువ 3; ఎక్స్ సున్న అయితే వై విలువ 2. ఈ రెండు అంతరఖండాలను అక్షాలపై గుర్తించి కలిపితే సరళరేఖ సాక్షాత్కరిస్తుంది.

1649లో స్వీడన్ రాణి క్రిస్టినా ఆహ్వానంపై ఆయన స్టాక్‌హోం వెళ్ళాడు. పొద్దెక్కి లేచే అలవాటున్నవాడు గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున ఐదింటికే పాఠం చెప్పవలసివచ్చింది. న్యుమోనియా సోకి 1650 ఫిబ్రవరి 11న మరణించాడు. నేడు నారాయణగూడ కళాశాలలలో, చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ పఠనమందిరాలలో రేఖ గీసే ప్రతి విద్యార్థీ ఆయనకు ఋణపడినవాడే.