అన్నం ఒంటబట్టని జబ్బు



మన మైపాడులో గర్భిణి ఉన్న ప్రతి ఇంటికీ ఐరన్, ఫోలిక్ ఆసిడ్ కలిసిన మాత్రలు అందుతాయి. వేసుకుంటే కడుపులో తిప్పుతుందనో, బిడ్డ నల్లగా పుడుతుందనో వాటిని గూట్లో పడేసిన ఇళ్లు నేను చూశాను. మీ ఇంట్లోనూ అలాంటి అట్ట ఒకటి ఉంటే దాన్ని చేతిలోకి తీసుకుని ఈ కథ చదవండి. ఆ మాత్ర వెనుక ఒక తెలుగు కుటుంబంలో జరిగిన రెండు మరణాలున్నాయి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టారు. చదువులో చురుకైన పిల్లవాడేమీ కాదు. మెట్రిక్ మూడోసారి గానీ ప్యాసు కాలేదు. సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు గానీ పెద్దల సలహా విని మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆ ఇంటిమీద పిడుగు పడింది. ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు ఒకే జబ్బుతో కన్నుమూశారు. ఆ జబ్బు పేరు స్ప్రూ. సుబ్బారావు గారికీ అదే సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

స్ప్రూ అంటే ఏమిటని మీరు అడగవచ్చు. మన చిన్న ప్రేగు దాదాపు 20 అడుగుల పొడవుంటుంది. దాని లోపలి పొర టర్కీ తువాలులాగా సన్నని నూగుతో నిండి ఉంటుంది. తిన్న తిండిలోని సారాన్ని పీల్చి రక్తంలోకి పంపేది ఆ నూగే. స్ప్రూలో ఆ నూగు అణగిపోతుంది. మనిషి తింటూనే ఉంటాడు, తిన్నది ఒంటబట్టదు. జిడ్డుగా విరేచనాలవుతాయి, నాలుక పుండవుతుంది, రక్తం పలచబడుతుంది, ఒళ్లు ఎండిపోతుంది. విడవని విరేచనాలను మన పాత వైద్యులు గ్రహణి అనేవారు. కంచంలో అన్నం ఉండగానే మనిషి శుష్కించిపోవడం చూసిన ఇంటివారికి ఆ బాధ ఎలాంటిదో తెలుస్తుంది.

ధర్మసంస్థ ఇచ్చిన మాట మీద, మామగారు సమకూర్చిన డబ్బుతో సుబ్బారావు గారు 1920లలో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఖాళీ చేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో వెలువరించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను వెలికితీసిన పనిలోనూ ఆయనది పెద్ద భాగం. అయినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనాలయానికి మారారు.

కాలేయం తింటే కొన్ని రకాల రక్తహీనత తగ్గుతుందని అప్పటికే తెలుసు. అందులో ఏ పదార్థం ఆ మేలు చేస్తోందో తెలియదు. బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల రక్తహీనత మీద పనిచేసి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1930ల ఆరంభంలోనే చూపారు. ఏదో ఒక పోషకం కరువైతే కోడిపిల్లలకూ రక్తం తగ్గిపోవడం, ఈకలు సరిగా రాకపోవడం మరికొందరు గమనించారు. కోడిపిల్లకూ తల్లికీ కావలసినది ఒక్కటేనని తర్వాత తేలింది. అదే ఫోలిక్ ఆసిడ్. సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఇది ఒక్కరి ఘనత అనడం న్యాయం కాదు. చాలామంది నడిచిన దారిని ఆయన బృందం గమ్యం చేర్చింది.

ఆ మరుసటి ఏటికల్లా క్యూబాలో స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆసిడ్ ఇచ్చారు. వారి రక్తం పుంజుకుంది, నాలుక మానింది, ఆకలి తిరిగి వచ్చింది. 1948లో అదే పరిశోధనాలయం నుండి ఆరియోమైసిన్ వెలువడింది. మట్టిలోని సూక్ష్మజీవి నుండి దాన్ని కనుగొన్నది డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. నేటికీ స్ప్రూకు వైద్యులు ఫోలిక్ ఆసిడ్‌నూ టెట్రాసైక్లిన్ జాతి మందునూ కలిపి కొన్ని నెలలు వాడిస్తారు. అన్నదమ్ములను కబళించిన జబ్బుకు వాడే ఈ రెండు మందులకూ ఆయన పరిశోధనలు నడిపించిన చోటే పుట్టిల్లయింది. మన కోస్తాలో బోదకాలుకు పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడిదే.

1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరి గారిని మళ్లీ చూడలేదు. ఈ సంగతి చెప్పకుండా దాటేస్తే నా మనసు ఒప్పుకోదు. లోకంలో ఎన్నో ఇళ్లను నిలబెట్టిన మనిషి తన ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. ఆ వెల ఆయన ఒక్కరే చెల్లించలేదు, ఇక్కడ ఎదురుచూసిన ఆ ఇల్లాలూ చెల్లించింది. ఆయనను తలచుకునేటప్పుడు ఆమెనూ తలచుకోవడం ధర్మం.

ఇక మన ఇంటి సంగతి. విరేచనాలు రెండు వారాలు దాటినా, మనిషి బరువు తగ్గుతున్నా, నాలుక పుండైనా పథ్యంతో సరిపెట్టకండి, వైద్యుని దగ్గరకు వెళ్లండి. కొట్లో మాత్ర కొని మింగడమూ మంచిది కాదు. బి12 లోపమున్నవారు ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ నరాలు లోలోపల దెబ్బతింటాయి. పరీక్ష చేసి చెప్పవలసినది వైద్యుడే. గర్భిణులకు ఇచ్చే మాత్ర విషయం వేరు. బిడ్డ వెన్నుపాము, మెదడు గర్భం మొదటి వారాల్లోనే రూపుదిద్దుకుంటాయి. ఆ సమయానికి తల్లిలో ఫోలిక్ ఆసిడ్ చాలినంత ఉంటే పుట్టుకతో వచ్చే కొన్ని ఘోరమైన లోపాలను చాలావరకు తప్పించవచ్చని 1991లో వెలువడిన పరిశోధన రుజువు చేసింది. మాత్ర వల్ల బిడ్డ నల్లగా పుట్టదు. కడుపులో తిప్పితే ఆ సంగతి నర్సమ్మకు చెప్పండి, ఏ వేళ వేసుకోవాలో ఆమె చెబుతుంది.

గూట్లో ఉన్న అట్టను ఈ రోజే దించండి. దాని మీద తేదీ దాటలేదని చూసుకుని, ఇంట్లోని గర్భిణి చేతిలో పెట్టండి.