యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమున ఒక పేద కుటుంబమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున ఉత్తీర్ణుడయ్యెను. పరీక్ష తప్పిన బాలురు కంట నీరు పెట్టుకొని నా గదికి వచ్చినప్పుడెల్ల నాకీతడే జ్ఞప్తికి వచ్చెడివాడు.

స్ప్రూ అను జీర్ణకోశవ్యాధి అతని సోదరు లిరువురను కొలది దినముల వ్యవధిలో బలిగొనెను. వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయాచార్యుని ఆగ్రహమునకు గురియై, పెద్ద పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే పొందెను. 1922లో అమెరికా చేరి, బోస్టనులో రాత్రివేళ ఆసుపత్రియందు రోగుల మలమూత్రపాత్రలు కడిగి జీవించుచు చదివెను.

తరువాత హార్వర్డులో ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. భాస్వరమును వెదకుచునే వారు 1929లో కండరములయందు ఎ.టి.పి. అను పదార్థమును కనుగొనిరి. జర్మనీలో లోమాన్ కూడ అదే సంవత్సరమున దానిని కనుగొనెను. జీవకణములు పనిచేయుటకు వలయు శక్తిని అందించునది ఇదియే.

బాలలారా, ఇచట కొంచెము ఆగి నేటి మాట యొకటి చెప్పవలెను. 2020 డిసెంబరులో కరోనాకు ఎం.ఆర్.ఎన్.ఏ. టీకాలు వాడుకలోనికి వచ్చెను. వీనిలో వ్యాధిక్రిమి యుండదు. ఆ క్రిమిపై నుండు ముల్లువంటి మాంసకృత్తును తయారుచేయుమని మన కణములకు తెలుపు ఆజ్ఞ మాత్రమే యుండును. ఆ ఆజ్ఞకు మూలప్రతిని ప్లాస్మిడ్ అను వలయాకారపు డి.ఎన్.ఏ. వాహకములో కూర్చి, బాక్టీరియాలలో ప్రవేశపెట్టుదురు. బాక్టీరియాలు పెరిగినకొలది వాహకములును పెరుగును. పిదప వానిని వేరుచేసి, శుద్ధిచేసి, వలయమును ఒకచోట తెంచి, ఒక ఎంజైము సాయమున దానినుండి ఆర్.ఎన్.ఏ. నకళ్లను తీయుదురు. ఈ వ్రాతకు అక్షరములు నాలుగు. అందొక అక్షరమునకు ముడిసరుకు సుబ్బారావు కనుగొనిన ఆ ఎ.టి.పి.యే! ఇట్లు సిద్ధమైన పోగు త్వరగా చెడును గనుక, దానిని సూక్ష్మమైన క్రొవ్వుకణములలో పొదుగుదురు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును 2022లో ఇట్టి టీకాను రూపొందించి ఎలుకలపై పరీక్షించిరి. మా జమ్మికుంటలో 2021లో వేసిన కోవిషీల్డు వేరు రకము; దానిలో నిరపాయముగ మార్చిన చింపాంజీ వైరసే వాహకమై శరీరములోనికి పోవును.

హార్వర్డులో సుబ్బారావునకు స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. అతడు 1940లో లెడర్లే పరిశోధనశాలలో చేరెను. అచట అతని బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. బోదకాలు వ్యాధికి మన కరీంనగరు పల్లెలలో పంచిన డి.ఇ.సి. మాత్రలును ఆ పరిశోధనశాల ఫలమే.

1948 ఆగస్టులో, 53వ యేట, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే మరణించెను. 1922లో విడిచిన స్వదేశమును అతడు మరల చూడలేదు.